దేవత చెంప మీది నీడ

మా పిన్నికి మూడు కళ్లజోళ్లు. ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద, ఒకటి మెడలో. అయినా పొద్దస్తమానం కళ్లజోడు కోసం వెతుకుతూనే ఉంటుంది. మ్యూజియంలో పాత తైలవర్ణ చిత్రాలను బాగుచేయడం ఆవిడ ఉద్యోగం. పుల్లకు దూది చుట్టి, నోట్లో తడిపి, వందల ఏళ్ల మురికిని గోరంత గోరంత తీస్తుంది. "ఉమ్ముకి లొంగని మురికి ఉండదే" అంటుంది. పని ఉన్న రోజు కాఫీ కూడా ముట్టదు, అందుకే ఆ రోజు ఆవిడ జోలికి ఎవరూ వెళ్లరు. పిన్నంటే నాకు ప్రాణం.

నేను పిన్ని పనిచేసే గదిలోనే బొమ్మలకు ఫొటోలు తీస్తాను. ఇంటికి వెళ్లేటప్పుడు పిన్ని పెద్ద హాలు తప్పించి, వెనక మెట్ల మీదుగా నన్ను చుట్టూ తిప్పేది. హాల్లో బరోక్ కాలపు బొమ్మ, అంటే నాలుగొందల ఏళ్ల నాటి యూరప్ చిత్రం ఒకటి ఉంది. గ్రీకు పురాణాల వేటదేవత. చుట్టూ కటిక చీకటి, ముఖం మీద మాత్రం వెలుగు. "దేవతకీ నీకూ మాటల్లేవా పిన్నీ?" అని ఆటపట్టించేదాన్ని. మెట్లు మోకాళ్లకి మంచివనేది.

ఈ ఏడు ఆ బొమ్మకు విలువ కట్టాలని మా గదికి దించారు. అప్పుడే మా గదికి పెద్దగా ఉండే ఉద్యోగం ఖాళీ అవుతోంది. పిన్ని ఏళ్ల తరబడి ఆశపడ్డ కుర్చీ అది. కొత్త చెప్పులు కూడా కొనుక్కుంది.

తలుపులు మూసి ఊదారంగు దీపం వేశాం. ఆ వెలుగులో తర్వాతి కాలంలో వేసిన రంగు నల్లగా బయటపడుతుంది. దేవత చెంప మీద బొటనవేలంత మచ్చ కనిపించింది.

"పాత అతుకు. ఎవరిదో తెలీదని రాసేద్దామమ్మా," అన్నాడు విలువ కట్టే ఆయన.

"తెలుసు కదండీ," అంది పిన్ని. "నాదే."

ఉద్యోగంలో చేరిన ఏడాది, ఆ చెంప మీది లేత నీడను పొగమసి అనుకుని తుడిచేసిందట. అది చిత్రకారుడు చివర్లో పల్చగా పూసిన రంగు. దూదికి రంగు అంటుకున్నాక గానీ తెలియలేదు. భయపడి, గుట్టుచప్పుడు కాకుండా తనే రంగు వేసి కప్పేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. పక్కకు లాక్కెళ్లాను. "మతి పోయిందా పిన్నీ? ఇంకో నెల నోరు మూసుకోలేవా?"

"ముప్పై ఏళ్లుగా అందరూ దాన్ని అసలు రంగనుకుంటున్నారే. కొత్తగా వచ్చే పిల్లలు దాన్నే చూసి నేర్చుకుంటున్నారు. ఫొటో కింద చీటీ రాయి. పిన్ని అని కాదు, పూర్తి పేరు రాయి."

రాశాను. కుర్చీ ఇంకొకరికి వెళ్లింది.

తన అతుకును తనే తీసి, బొమ్మను మళ్లీ హాల్లో పెట్టించింది. ఆ సాయంత్రం నేను అలవాటుగా వెనక మెట్ల వైపు తిరిగాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అన్ని మెట్లు నా వల్ల కాదే. ఇటు పద," అంటూ హాల్లోకి నడిచింది.