ఘాట్ మలుపులో డీజిల్ చప్పుడు

వారం వారం అరకు వెళ్లే నేను కొనబోయే కారు రెండు టన్నుల పైమాటే. దానికి చిన్న టర్బో పెట్రోల్ ఇంజనా, పెద్ద డీజిల్ ఇంజనా తేల్చుకుందామని ఈ రోజు షోరూమ్ వాళ్ల డీజిల్ కారుతో అనంతగిరి ఘాట్ ఎక్కాను. అంత బరువునీ ఆయాసపడకుండా లాగేసింది. ఇదే ఖాయం అనుకుంటూ మలుపు దాటాక ఒక కాఫీ పాక ముందు ఆగాను. పాక నడిపే ముసలావిడ అన్నం కంచంతో గబగబా బయటికొచ్చి, నన్ను చూసి నిలబడిపోయింది.

"మా గుంటడి జీపనుకున్నాను బాబూ, నా కొడుకుది. ఆడు పోయి రెండేళ్లయినాది. ఈ సప్పుడింటే సాలు, సెయ్యి ఊరుకోదు."

"అయితే చప్పుడు లేని ఇంజనే తీసుకుంటానమ్మా," అన్నాను.

"వొద్దు బాబూ, ఇదే కొనుక్కో. కింద మలుపు కాడ్నించి ఇక్కడికొచ్చేదాకా ఆడొత్తన్నట్టే ఉంటాది."

మీరైతే ఏది తీసుకుంటారు? నాకు డీజిలే నచ్చింది. కానీ వారం వారం ఆ పాక ముందు దిగేది ఆమె కొడుకు కాదు, నేనే కదా.