బస్సు ఆటకు పథ్యం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మానసిక విభాగంలో సైకాలజిస్టుగా చేరాను. నా ఉద్యోగ జీవితంలో అదే చివరి కొలువు. మా దగ్గర మందులు రాసేది సైకియాట్రిస్టు. మాట్లాడించి, సాధన చేయించి భయాలు వదిలించేది సైకాలజిస్టు. పల్నాటి జనానికి ఈ రెండో రకం మీద బొత్తిగా గురి లేదు. సూదీ మాత్రా లేకుండా కబుర్లు చెప్పినందుకు ఫీజేమిటని మొహం మీదే అడిగేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

ఆ రోజుల్లో భార్యతో కలిసి మా దగ్గరికి వచ్చిన మస్తాన్ ప్రైవేటు బస్సు డ్రైవరు. మాచర్ల రోడ్డులో బ్రేకులు పట్టక అతని బస్సు మిర్చి కల్లంలోకి దూసుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, బస్సంతా తుమ్ములే తుమ్ములు. ఊరంతా నవ్వుకున్నారు గానీ, ఆనాటి నుంచి స్టీరింగు ముందు కూర్చుంటే అతనికి చేతుల్లో వణుకు, ఒళ్లంతా చెమట. నిద్ర కూడా లేదు. కోటప్పకొండ తిరునాళ్ల స్పెషల్ బస్సుల నాటికి రాకపోతే వేరే డ్రైవర్ని పెట్టుకుంటానని ఓనరు చెప్పేశాడు. మస్తాన్‌కి తెలిసిన పని అదొక్కటే.

భయపెట్టేదాన్ని ప్రమాదం లేని చోట కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేయడం మా వృత్తిలో మామూలు పద్ధతి. సైకియాట్రిస్టుగారితో మాట్లాడి, అతని ఫోన్‌లో బస్సు నడిపే వీడియో గేమ్ ఎక్కించి, రెండు పూటలా కాసేపు ఆడమన్నాను. మస్తాన్ ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అతని భార్య ఖాసింబీ మాత్రం పథ్యం ఏందని అడిగింది. ఆటకు పథ్యమేమీ ఉండదన్నాను.

"పథ్యం లేని వైద్యం ఏం వైద్యమమ్మా? మేం గుంటూరు పోతాంలే" అని లేచింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. అసలు వైద్యమే మానేస్తారేమోనన్న భయమూ పట్టుకుంది. కూర్చోమని పథ్యం చెప్పాను. తిన్నాకే ఆడాలి, ఒక్కడే ఆడకూడదు, పక్కన ప్యాసింజర్ ఉండాలి, పడుకునే ముందు ఫోన్ ముట్టకూడదు. ఆమె మొహం విప్పారింది. వంకాయ సంగతి కూడా అడిగింది. మానేయమన్నాను, పాపం శమించుగాక.

మరుసటి వారం ఇద్దరూ వచ్చి చెప్పిన కథ ఇది. ఖాసింబీ పూటపూటా మొగుడి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటోంది. అతను ఆటలో కూడా స్పీడు పెంచడు, మలుపు మలుపుకూ హారన్ కొడతాడు. పిడుగురాళ్ల ఎప్పుడొస్తుందని ఆమె సతాయిస్తుంది. మొదట్లో బ్రేకు నొక్కాల్సి వచ్చినప్పుడల్లా అతను ఫోన్ కింద పెట్టేసేవాడట.

"నన్ను నడిరోడ్డు మీద దించుతావా ఏంది, పోనీ" అని ఆమె కసిరితే మళ్లీ అందుకునేవాడు.

ఆ పేచీలో పడి వణకడం మర్చిపోయానని మస్తాన్ ఒప్పుకున్నాడు. కాస్త నిద్ర కూడా పడుతోందన్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆ తర్వాత ఆగి ఉన్న బస్సులో కూర్చోబెట్టాం. పక్కన ఇంకో డ్రైవర్ని పెట్టి ఖాళీ బస్సు తిప్పించాం. వణుకు పూర్తిగా తగ్గిందని చూసుకున్నాకే డ్యూటీ ఎక్కవచ్చని సైకియాట్రిస్టుగారు రాసిచ్చారు. తిరునాళ్లకు కొండకు తొలి ట్రిప్పు మస్తానే వేశాడు. ఖాసింబీ ముందు సీట్లో కూర్చుని, టికెట్ అడిగిన కండక్టరుతో తాను ప్యాసింజర్ని కాదు, పథ్యాన్నని చెప్పిందట.

ఆట వల్ల అతని భయం తగ్గిన మాట నిజమే. కానీ మానకుండా ఆడించింది పథ్యం. ఇంట్లోవాళ్లకు చేయడానికి ఏ పనీ చెప్పని వైద్యాన్ని మా వైపు జనం నమ్మరు. రిటైరయ్యేదాకా పథ్యం చెప్పకుండా నేను ఎవరినీ ఇంటికి పంపలేదు.