పౌలు మాస్టారికి ఆపిన రొట్టె

పౌలు మాస్టారు ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసిన టర్నరు ఆయన. మా తెలుగు సంఘంలో బాప్తిస్మం కోరేవాళ్లకు ఇరవై రెండేళ్లు తరగతి నడిపారు కాబట్టి అందరికీ మాస్టారయ్యారు. నిజంగా బడిలో పాఠాలు చెప్పుకుని బతికే నన్ను మాత్రం చిన్నా పెద్దా అందరూ జోనా అనే అంటారు. ఆ ఉక్రోషం మొదట్లో కాస్త ఉండేది నాకు.

మా సంఘం మారతహళ్ళిలో ఒక టైల్స్ దుకాణం పైన, అద్దె హాల్లో కూడుతుంది. పొద్దున ఆ హాలు మలయాళీలది. మధ్యాహ్నం రెండున్నరకు మా వంతు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచుతాం. ఆ రొట్టె మాస్టారి భార్య లీలావతక్క శనివారం సాయంత్రం ఇంట్లో పెనం మీద కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి తెస్తుంది. నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి, చేతిలో శుభ్రం ఎక్కువ. పళ్లెం పట్టుకుని వరస వరసకీ తిప్పేది సంఘపెద్దలం. ముగ్గురిలో నేనొకణ్ణి.

నేను ఇరవై మూడేళ్ల వయసులో కనిగిరి నుంచి వచ్చి, హూడిలో నలుగురితో గది పంచుకుంటూ, ఆయన తరగతిలో కూర్చున్నాను. మొదటి రోజే నన్ను లేపి అడిగారు.

"ఏమయ్యా, నీ గదికి అగ్రిమెంటు ఉందా?"

"ఉందండీ. పదకొండు నెలలు."

"సంతకాలు ఎవరెవరివి?"

"ఓనరుదీ, మాదీ."

"ఇద్దర్లో ఎవడు తప్పినా అగ్రిమెంటు చిత్తుకాగితం. అవునా? దేవుడి నిబంధన, అంటే మనతో ఆయన చేసుకున్న ఒప్పందం, అట్టాంటిది అనుకుని వచ్చినోళ్లు ఇప్పుడే లేచిపోవచ్చు. ఇది నిత్య నిబంధన. దీని మీద ఒకటే సంతకం ఉంది."

ఆ తర్వాత అబ్రాహాము కథ చెప్పారు. ఆ కాలంలో ఇద్దరు ఒప్పందం చేసుకుంటే జంతువుల్ని రెండుగా కోసి, ఎదురెదురుగా పరిచి, ఇద్దరూ వాటి మధ్య నడిచేవాళ్లట. మాట తప్పితే నా గతీ ఇంతే అని దాని అర్థం. అబ్రాహాము అన్నీ సిద్ధం చేశాడు. పొద్దు గుంకే వేళ అతనికి గాఢనిద్ర పట్టింది. అతను నిద్రలో ఉండగానే దేవుడు ఒక్కడే మంటలాగా ఆ ముక్కల మధ్య నడిచిపోయాడు. "అబ్రాహాము చేసిందల్లా నిద్రపోవడం," అనేవారు మాస్టారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది. ఎన్నిసార్లు చెప్పినా ఆ సంతోషం తగ్గగా నేను చూడలేదు.

అంత దయగల పాఠం చెప్పిన మనిషే పరీక్ష దగ్గర మాత్రం కొరకరాని కొయ్య. ఈ రొట్టె ఏమిటో నీ సొంత మాటల్లో చెప్పు అనేవారు. చెప్పలేకపోతే బల్ల లేదు. నేను రెండోసారికి గట్టెక్కాను. వర్తూరులో ఆకుకూరలమ్మే సొన్నమ్మను పద్నాలుగు నెలలు ఆపారు. పాపం ఆమె ఏడ్చేదే గాని చెప్పలేకపోయేది. చివరికి ఏం చెప్పి ఒప్పించిందో నాకు తెలియదు. తీసుకునేది ఏమిటో ఎరగనివారికి బల్ల ఇవ్వరాదని సంఘం నియమాల పుస్తకంలో మాస్టారే గుండ్రటి అక్షరాలతో రాశారు.

మాస్టారికి మతిమరుపు మొదలైంది నాలుగేళ్ల కిందట. ముందు బస్సు నంబర్లు మరిచారు. తర్వాత మనుషుల పేర్లు. రిటైరై ఎనిమిదేళ్లయ్యాక ఒకరోజు టిఫిన్ డబ్బా పట్టుకుని షిఫ్టుకు బయల్దేరి, హూడి రైలుగేటు దగ్గర దారి తెలియక నిలబడిపోయారు. పోయినేడాదికి ప్రార్థన పోయింది, పాటలు పోయాయి, యేసు పేరు చెప్పినా ఎవరా అన్నట్టు చూసేవారు. అక్క మాత్రం ఆయనకు ఇస్త్రీ చొక్కా తొడిగి, ప్రతి ఆదివారం ఆటోలో తీసుకొచ్చి రెండో వరసలో కూర్చోబెట్టేది. అన్నీ మరిచిన ఆ మనిషి బల్ల నాడు పళ్లెం దగ్గరికి రాగానే కుడి చెయ్యి చాపేవారు. ఎవరూ చెప్పనక్కర్లేదు.

మే నెల బల్ల నాడు రొట్టె నోట్లో పెట్టుకుని, హాలంతా నిశ్శబ్దంగా ఉన్న సమయంలో, "లీలా, దీంట్లో ఉప్పు లేదే," అన్నారు గట్టిగా. వెనక కుర్చీల్లో పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన ముక్కను ఉమ్మేసి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఆ వారమే పెద్దల మీటింగు పెట్టాం. మా పాస్టరు హేమంత్‌కుమార్ అయ్యగారు కుర్రవాడు, వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుని ఆదివారం వాక్యం చెబుతాడు. మెత్తటి మనిషి, పెద్దలు ఎలా అంటే అలా అన్నాడు. నియమాల పుస్తకం తెచ్చి, మాస్టారి దస్తూరీ చూపించి, చదివి వినిపించింది నేనే. ఆయన పెట్టిన నియమమే ఆయనకు వర్తింపజేయడం ఆయన్ని గౌరవించడం అని కూడా అన్నాను. నాలుక అంత బాగా తిరుగుతుంది నాకు.

జూన్ మొదటి ఆదివారం రెండో వరసకు పళ్లెం తెచ్చింది నేనే. మాస్టారు చెయ్యి చాపారు. నేను పళ్లేన్ని ఆ చేతి మీదుగా ఎత్తి అక్క ముందు పెట్టాను. అక్క పళ్లెం వంక చూడలేదు, నా ముఖంలోకి చూసింది. తీసుకోలేదు. మాస్టారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంటే మెల్లగా పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

ఆ తర్వాత ప్రతి నెలా అంతే. ఆయన చెయ్యి చాపడం, నేను పళ్లెం ఎత్తడం, ఆమె తీసుకోకపోవడం. రొట్టె కాల్చడం మాత్రం మానలేదు. తన భర్తకు ఇవ్వని రొట్టెను, తాను తినని రొట్టెను, ప్రతి బల్లకూ ముందురోజు శనివారం పిండి తడిపి, కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి నా చేతికే ఇచ్చేది. నేను తీసుకునేవాణ్ణి. సిగ్గుపడ్డానని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, అప్పుడు పడలేదు.

ఆగస్టులో ఆమె పెద్దల మీటింగుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను పోట్లాడటానికి రాలేదు. ఒక్క మాట అడుగుతా. అబ్రాహాము నిద్రపోతుంటే దేవుడు నిబంధన చేశాడని మీకు చెప్పింది ఎవరు?"

"మాస్టారే, అక్కా," అన్నాను.

"ఈయన కూడా నిద్రలోనే ఉన్నాడు. నిద్రలో ఉన్నోడికి దేవుడు ఇచ్చాడు. మీరు ఇయ్యరా?"

అయ్యగారు తలవంచుకున్నాడు. మిగతా పెద్దలిద్దరూ నావైపు చూశారు. ఆ క్షణాన నేను నోరు మూసుకుని ఉంటే ఆ రోజే అంతా సర్దుకునేది.

"అబ్రాహాము లేచాడు గదక్కా," అన్నాను.

జవాబు చెప్పగలిగానన్న గర్వం నాకు. అక్క పమిట భుజం మీదికి లాక్కుని, చెప్పులేసుకుని, మెట్లు దిగిపోయింది.  సంగతి ఇంకో మీటింగులో చూద్దాం అన్నాడు అయ్యగారు. ఆ ఇంకో మీటింగు నెలలు గడిచినా జరగలేదు.

సొన్నమ్మ మాత్రం ఊరుకోలేదు. బస్టాపులో నన్ను పట్టుకుంది.

"ఏమప్పా జోనా, ముసలాయన చెయ్యి చాపుకోని ఉండాడు, నువ్వు తట్ట ఎత్తుకోని పోతాండావు. నీకు చెయ్యెట్లొచ్చెనప్పా?"

"నిన్ను పద్నాలుగు నెలలు ఆపింది ఆయనే కదమ్మా."

"నన్ను ఆపినాడు, నిజమే. నెలనెలా మా ఇంటికొచ్చి నాకు చెప్పిచ్చి పోతాండె గదా. నువ్వు ఆయనింటికి ఎన్నితూర్లు పోయినావు? ఊరికే సుమ్నే రూలు మాట్లాడొద్దు."

నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. వర్తూరులో వాళ్లది రెండు గదుల ఇల్లు, మా ఇంటి నుంచి బస్సులో పావుగంట. నవంబరు చివర్లో మాస్టారు మంచం పట్టారనీ, అక్క ఆదివారాలు రావడం మానిందనీ, డిసెంబరు బల్లకు రొట్టె ఒక్కటీ సొన్నమ్మ చేతికిచ్చి పంపిందనీ తెలిసీ వెళ్లలేదు.

మాస్టారి తరగతి అప్పటికి నా చేతికి వచ్చింది. డిసెంబరు రెండో ఆదివారం పిల్లలకు అబ్రాహాము పాఠం చెప్పాను. ఆయన మాటలే, ఆయన పదకొండు నెలల అగ్రిమెంటే. చెప్పడం అయ్యాక మేఘన అనే కాలేజీ పిల్ల చెయ్యెత్తింది.

"అంకుల్, అబ్రాహాము ఆ నిద్రలోంచి అసలు లేవకపోయుంటే? అప్పుడు నిబంధన క్యాన్సిలా?"

"ఎందుకు క్యాన్సిల్ అవుతుందమ్మా? నడిచింది దేవుడు. ఇతను లేచినా లేవకపోయినా అది..."

అక్కడ ఆగిపోయాను. నోట్లోంచి వచ్చిన మాట చెవిలో పడింది. పిల్లలు నన్నే చూస్తున్నారు. తరగతి ఇక అయిపోయిందని చెప్పి, బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆరు నెలలు ఒక ముసలాయన చేతి మీదుగా పళ్లెం ఎత్తుకుపోయిన నాకు, ఇంత చిన్న సంగతి ఒక కాలేజీ పిల్ల అడిగితే గానీ తట్టలేదు.

అయ్యగారికి ఫోన్ చేసి, మీటింగుతో పనిలేదు, నేనే మాస్టారికి రొట్టె తీసుకెళ్తున్నానని చెప్పాను. "వెళ్లండన్నా, ఆలస్యం చెయ్యకండి," అన్నాడు. రొట్టె అక్కను ఏ ముఖంతో అడగను? బుధవారం సాయంత్రం బడి నుంచి రాగానే నేనే పిండి తడిపి కాల్చాను. మందంగా వచ్చింది, ఒకపక్క మాడింది. స్టీలు డబ్బాలో పెట్టుకుని, చిన్న సీసాలో ద్రాక్షరసం పోసుకుని వర్తూరు వెళ్లాను.

తలుపు తీసిన అక్క నన్నూ, చేతిలో డబ్బానూ చూసింది. లోపలికి రమ్మంది. మాస్టారు మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నారు. ముక్కులోంచి సన్నటి గొట్టం, దాన్ని చెంపకు అంటించిన ప్లాస్టరు. సగానికి సగం అయిపోయారు.

"శుక్రవారం నుంచి మింగలేకపోతున్నాడు. నీళ్లు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతన్నాయి. అంతా గొట్టంలోనే," అంది అక్క.

నేను తెచ్చిన రొట్టె ఇక ఆయన నోట్లో పెట్టేది కాదు. అయిదు రోజులు. పోయిన గురువారం వచ్చినా తినేవారు.

"పెదాలకు తాకిస్తానక్కా. కొంచెం రసం, దూదితో."

"వద్దు. ఏడు నెలలు నీ ముందు చెయ్యి చాపాడు. అప్పుడు నోరు బాగానే పనిచేసింది."

డిసెంబరులో ఆయన రాలేదు, ఆరు నెలలే అని చెప్పే తెలివి కూడా నాకు ఆ క్షణాన లేదు. ఉన్నా అనేవాణ్ణి కాదులే. మంచం పక్కన కింద కూర్చుండిపోయాను. అక్క తడి గుడ్డతో ఆయన పెదాలు తుడిచింది, తల సరిచేసింది, గొట్టంలో పాలు ఎక్కించింది. అన్ని పనులూ అయ్యాక నా డబ్బా మూత తీసింది.

"మాడ్చావు," అంది. విరిచి ఒక ముక్క నాకిచ్చి, ఒకటి తను తీసుకుంది. జూన్ నుంచి ఆమె ముట్టని రొట్టె. ఆయన చెయ్యి పట్టుకుని తిన్నది. నా ముక్క నా చేతిలోనే ఉండిపోయింది.

"ఈయన సంగతి నాకు భయం లేదు జోనా. ఈయన దేవుణ్ణి మరిచాడు గానీ ఆయన ఈయన్ని మరవలేదు. నా బాధల్లా, నలభై ఏళ్లు పక్కపక్కన కూర్చుని తిన్నాం, చివరి నెలలు మీరు తిననియ్యలేదు. అదొక్కటీ ఎవరూ తెచ్చియ్యలేరు."

"నన్ను క్షమించక్కా."

"నేను క్షమిస్తాలే. ఎప్పటికైనా." డబ్బా మూత పెట్టింది. "నువ్వు ఈయన్ని అడుగుదామని వచ్చావు."

అవును. ఆయన్నే అడగాలని వచ్చాను. మంచం మీదికి వంగి, మాస్టారూ, జోనానండీ, అన్నాను. కళ్లు తెరిచి చూశారు. కోపం లేదు, నొప్పి లేదు, నేనెవరో తెలిసిన జాడ లేదు.

"ఈయనకు నువ్వు చేసింది గుర్తే లేదు," అంది అక్క.

మాస్టారి తరగతిలో చివరి పాఠం కూడా ఇదే. కొత్త నిబంధనలో దేవుడు ఇచ్చిన మాట, మీ తప్పుల్ని నేనిక ఎప్పటికీ గుర్తుపెట్టుకోనని. ఆయన నోట విన్నాను, నా నోటితో పిల్లలకు చెప్పాను. ఎంత తీపి మాటో అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం మాత్రం అది నాకు అక్కర్లేదనిపించింది. ఆయనకు గుర్తుండాలి. ఏమయ్యా, నా చేతి మీదుగా పళ్లెం ఎత్తుకుపోతావా అని నన్ను నిలదీయాలి, తిట్టాలి, ఆ తర్వాత క్షమించాలి.

తొమ్మిది రోజులు రోజూ వెళ్లాను. పదో రోజు పొద్దున అక్క ఫోన్ చేసింది. ఆ తొమ్మిది రోజుల్లో వెళ్లిన ప్రతిసారీ ఆయన నన్ను కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టే చూశారు.