ఆ మాటకు మరో అర్థం లేదన్నాను

నావల్ల ఒక మనిషిని ఉరితీశారు. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అన్నం తింటున్నప్పుడు, పిల్లలకు పాఠం చెబుతున్నప్పుడు, ఎవరి పెళ్ళిలోనో నలుగురితో కలిసి నవ్వుతున్నప్పుడు అది నాలో ఒక మూల అలాగే ఉండేది. కిందటి నెల దాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు నేను చెప్పను. పేరు చెప్పేంత ధైర్యం ఉన్నవాణ్ణయితే ఇదంతా జరిగేదే కాదు.

నేను కోర్టులో దుబాసీగా చేశాను. గోదావరి వైపు ఒక ఊళ్ళో మెట్రిక్ దాకా చదివి, మేనమామ వెంట ఓడెక్కి మలయా వచ్చాను. మొదట దిగువ పెరాక్‌లో ఒక కొబ్బరితోటలో కిరాణీని, అంటే గుమాస్తాని. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ తెలిసినవాడు కావాలని కోర్టువాళ్ళు నన్ను తీసుకున్నారు. ఆ చుట్టుపక్కల తోటల నిండా విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కూలీలే. వాళ్ళ తెలుగు వేరు, నా తెలుగు వేరు, అందుకే పొరపాటు పడ్డానని నాకు నేను చెప్పుకుని చూశాను. నిలవలేదు. ఆ మాట వాళ్ళదీ నాదీ ఒకటే.

యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు జరిగింది. ఒక తోటలో అప్పన్న అనే కుర్రకూలీ కాలవగట్టు పక్కన చచ్చిపడి ఉన్నాడని ఉదయాన్నే కబురొచ్చింది. పోలీసు ఇన్‌స్పెక్టరు దొర నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. తల మీద లోతైన కత్తిదెబ్బ. అప్పటికే శవాన్ని కూలీల ఇళ్ళ లైను ముందుకు మోసుకొచ్చారు. మోసుకొచ్చినవాడు వాడి అన్న సింహాద్రి. తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, పంచె నిండా నెత్తురు. అప్పన్న భార్య నరసమ్మ పక్కన మట్టిలో పడి ఉంది. ఆమెకు అప్పటికి ఏడోనెల.

సింహాద్రి మమ్మల్ని చూడనైనా లేదు. తమ్ముడి మొహం నిమురుతూ ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

"నాను రమ్మంటే వచ్చినాడు. అమ్మ వద్దన్నా ఓడెక్కించినాను. నా సేతులార సంపుకున్నాను."

ఏమంటున్నాడని దొర అడిగాడు. తన చేతులతోనే చంపానంటున్నాడని నేను ఇంగ్లీషులో చెప్పాను.

అంతే. ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ముందున్న రెండు మాటలూ వదిలేశాను. ఎందుకు వదిలేశాను? ఎండ ముదురుతోంది, ఈగలు ముసురుతున్నాయి, త్వరగా బయటపడాలనుకున్నాను. ఇది నిజమే. కానీ మొత్తం నిజం కాదు. అడిగిన మరుక్షణం తడుముకోకుండా చెప్పగలనని నాకో గర్వం ఉండేది. వెనకటి దుబాసీ ప్రతి మాటకూ నీళ్ళు నమిలేవాడట, దొరలు విసుక్కునేవారట. నేను అలాంటివాణ్ణి కాదని ఆ దొరకు తెలియాలి. శవం ముందు నిలబడి నేను ఆలోచించింది అదీ.

దొర ఆ మాట రాసుకున్నాడు. సింహాద్రిని అక్కడే పట్టుకున్నారు. తమ్ముడి తల ఒళ్ళోంచి దించి కింద పెట్టమంటే వాడు మొదట అర్థం చేసుకోలేకపోయాడు. అదీ నేనే చెప్పాల్సి వచ్చింది.

విచారణలో మూడు సంగతులు పైకొచ్చాయి. ముందురోజు సాయంత్రం కల్లు దుకాణం దగ్గర అన్నదమ్ములిద్దరూ గట్టిగా అరుచుకున్నారని ఇద్దరు చెప్పారు. సింహాద్రి బట్టల మీద నెత్తురుంది. మూడోది ఆ మాట. కత్తి దొరకలేదు. చూసినవాళ్ళు లేరు. నువ్వు ఆ మాట అన్నావా అని జడ్జి అడిగితే, ఆ ప్రశ్నను నేను తెలుగులోకి మార్చి, నా చేతులారా చంపుకున్నాను అని నువ్వన్నావా అని సింహాద్రిని అడిగాను. చూశారా? జడ్జికి ఇంగ్లీషులో చెప్పింది ఒకటి, వాణ్ణి తెలుగులో అడిగింది ఒకటి. వాడు కళ్ళు తుడుచుకుని, అన్నాను బాబూ అన్నాడు. ఒప్పుకుంటున్నాడని నేను జడ్జికి చెప్పాను.

ఆ క్షణంలో నాకు తెలుసా? చాలా ఏళ్ళు ఈ ప్రశ్న దగ్గరే తిరిగాను. తెలియదని చెప్పుకోవడానికి అప్పటిదాకా కాస్త చోటుంది. రోజూ పదిమంది మాటలు ఇటువి అటూ అటువి ఇటూ మార్చేవాడికి మాట లోపలికి దిగదు, నాలుక మీదుగా పోతుంది. అలా పోయిందేమో. జడ్జి ఉరిశిక్ష చదివాడు. తర్వాత నన్ను పిలిచి, నీ ఇంగ్లీషు స్పష్టంగా ఉందని మెచ్చుకున్నాడు. ఇంటికి వెళ్ళి ఆ సంగతి నా భార్యకు చెప్పాను కూడా.

అప్పీలు వేశారు. అది విచారణకు వచ్చేలోపల మా ఇంట్లో ఒకటి జరిగింది.

మాకొక ఆడపిల్ల. ఇంకా అడుగులు పడలేదు, గోడ పట్టుకుని నిలబడేది. కాస్త దగ్గు ఉన్నా నా భార్య దాన్ని ఎత్తుకుని అమ్మవారి ఊరేగింపుకు వెళ్ళింది. వానలో తడిసి వచ్చారు. జ్వరం తగిలింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం, వారం తిరక్కుండా పోయింది. పిల్లను బట్టలో చుట్టి తీసుకెళ్ళేటప్పుడు నా భార్య నేలకు తల కొట్టుకుంటూ ఏడ్చింది. నేనే తీసుకెళ్ళాను, బంగారంలాంటి పిల్లను నా చేతులారా చంపుకున్నాను అని.

నేను వాకిట్లో ఉన్నాను. అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. పిల్ల పోయినందుకు అనుకుని ఎవరో పట్టుకున్నారు. పక్కింటి తమిళ ఆవిడ నా భార్యను ఒళ్ళోకి తీసుకుని వీపు రాస్తోంది. ఆవిడకు తెలుగు రాదు. అయినా ఆమె ఏమంటోందో తెలిసిపోయింది. అక్కడున్నవాళ్ళెవరూ ఉలిక్కిపడలేదు. పోలీసును పిలవలేదు. ఈమె చంపిందట అని ఒకరినొకరు చూసుకోలేదు. నా బిడ్డ శవం ఎదురుగా ఉండగా నా కళ్ళకు కనిపించింది ఎర్రగా తడిసిన పంచె.

ఆ రోజు నుంచి నాకు తెలుసు. ఇక తెలియదనడానికి చోటు లేదు.

అప్పీలుకు కొద్దిరోజుల ముందు నరసమ్మ మా ఇంటికొచ్చింది. చంకలో పసివాడు. చచ్చినవాడి భార్య, చంపాడన్నవాడి కోసం వచ్చింది. మా బావ అలాంటోడు కాడు, కల్లు దుకాణం దగ్గర అరిచింది మా ఆయన తాగి పనికి పోనందుకే అంది. అది బావ ఏడుపులో అన్న మాటేనని కోర్టులో ఒక్కసారి చెప్పమని అడిగింది. అప్పటికే సింహాద్రి ప్లీడరు దగ్గరికి కూడా వెళ్ళి, ఎవరో తమిళాయన చేత ఇదే చెప్పించి వచ్చిందట. చూద్దాం అన్నాను. లోపల నా భార్య ఉంది. ఎక్కడ వింటుందో అని గొంతు తగ్గించి మాట్లాడాను.

అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీలు. ప్లీడరు బాగానే వాదించాడు. తమ్ముణ్ణి మోసుకొచ్చినవాడి బట్టలకు నెత్తురు అంటకుండా ఎలా ఉంటుందన్నాడు. అన్నదమ్ములు అరుచుకోని ఇల్లెక్కడుందన్నాడు. కొబ్బరితోటలో ప్రతివాడి చేతిలోనూ కత్తి ఉంటుందన్నాడు. జడ్జీలు తలూపారు. ఆ మాట చంపానని ఒప్పుకోవడం కాదు, ఏడుపులో అన్నదని కూడా అన్నాడు. పెద్ద జడ్జి తేటగానే చెప్పాడు: ఈ రెండు సంగతుల మీద మనిషిని ఉరితీయలేం, ఆ మాట నిలిస్తేనే శిక్ష నిలుస్తుంది, అది పడిపోతే విడిచిపెట్టాల్సిందే. అని నా వైపు తిరిగి, ఆ భాషలో ఆ మాటకు మరో అర్థం ఉండే వీలుందా అని అడిగాడు.

సింహాద్రి బోనులోంచి నా మొహంకేసి చూస్తున్నాడు. ఏం అడిగారో వాడికి తెలియదు. వాడికి చెప్పాల్సింది నేనే.

లేదు ప్రభూ, అన్నాను.

నా నోట్లోంచి వచ్చిన ఆ మాట నేనే విన్నాను. ఇంకెవరో అన్నట్టు విని, అన్నదెవరా అని ఒక్క క్షణం చూశాను కూడా. ఉందని చెబుదామనే నిలబడ్డాను, మీరు నమ్మినా నమ్మకపోయినా. ఎందుకలా అన్నాను? ఉందంటే, మరి ఇన్‌స్పెక్టరుకు ఎందుకు చెప్పలేదంటారు, కింది కోర్టులో ఎందుకు చెప్పలేదంటారు, అంతకుముందు నేను మార్చి చెప్పిన మాటలన్నీ తవ్వుతారు. ఉద్యోగం పోతుంది. పరువు పోతుంది. ఇవన్నీ ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది. నీకెలా తెలుసని అడిగితే నా భార్య ఏడుపు ఆ దొరల ముందు పెట్టాలి. పెట్టలేననుకున్నాను. ఇది కారణమా, తర్వాత అల్లుకున్న సాకా? ఇప్పటికీ తేల్చుకోలేదు. నా దుఃఖానికి ఇచ్చిన మర్యాద సింహాద్రి దుఃఖానికి ఇవ్వలేదన్నది మాత్రం తేలింది.

శిక్ష ఖాయం చేశారు.

ఉరికి ముందురోజు మధ్యాహ్నం జైలుకు పిలిపించారు, వాడి చివరి కోరిక అడగడానికి. పసివాడికి తమ్ముడి పేరు పెట్టమని చెప్పమన్నాడు. తర్వాత కటకటాల దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"నాన్సెప్పింది దొరలకి అర్థమైనాదా బాబూ?"

అయింది అన్నాను.

"మరేటి ఇలాగ సేసినారు?"

ఏమంటున్నాడని జైలు దొర అడిగాడు. దండం పెడుతున్నాడన్నాను.

వాడు నిజంగా చంపలేదా? ఇది మీకు తట్టే ఉంటుంది. నాకు తెలియదు. ఆ కత్తి ఎవరిదో ఎప్పటికీ బయటపడలేదు. చంపినవాడు కూడా అలా ఏడవవచ్చని కొన్నాళ్ళు నన్ను నేను ఓదార్చుకున్నాను. కానీ అది తేల్చే పని నాది కాదు, ఆ ముగ్గురిది. వాళ్ళ చేతికి నేను అసలు మాట ఇవ్వలేదు.

ఆ ఏడాదే ఉద్యోగం మానేశాను. కారణం ఒంట్లో బాగాలేదని రాశాను. ఇప్పటికీ ఒక తోటబడిలో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నాను. నరసమ్మ ఇపో పట్నం దగ్గర ఇంకో తోటకు మారిందని ఎవరో చెప్పగా విన్నాను. వెళ్ళడానికి చాలా ఏళ్ళు పట్టింది. కిందటి నెల వెళ్ళాను.

ఆమె ఎండలో ఎండుకొబ్బరి తిరగేస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి చేతులు తుడుచుకుని నిలబడింది. అప్పన్న, అంటే కొడుకు, లారీ మీద పనికెళ్ళాడట. ఆ రోజు కోర్టులో నన్నేమడిగారో, నేనేం చెప్పానో, అది అబద్ధమని నాకప్పుడే తెలుసని చెప్పాను. ఆమె నాకేసి చూసింది. తిట్టలేదు.

"నాకేటి సెప్తారు బాబూ," అంది. "నాకు తెలుగొచ్చు గదా. తెలుగు రానోళ్ళకి సెప్పాల్సింది."

అని కిందికి వంగి, వదిలేసిన చోటునుంచి మళ్ళీ తిరగేయడం మొదలుపెట్టింది. వెళ్ళమని కూడా అనలేదు. వచ్చేశాను.

ఆ జడ్జీల్లో ఒకాయన చనిపోయాడు. మిగతా ఇద్దరూ ఇంగ్లండు సీమకు వెళ్ళిపోయారు. తెలుగు రానివాళ్ళకు చెప్పే సమయం దాటిపోయింది. అందుకే మీకు రాస్తున్నాను. క్షమించమని కాదు, ఆ హక్కు మీకు లేదు, అడిగే హక్కు నాకు లేదు. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే. మీకు తెలుగు వచ్చు. ఒళ్ళో తమ్ముడి తల పెట్టుకుని సింహాద్రి అన్న మాట పైన చదవగానే మీకు అర్థమైపోయి ఉంటుంది, ఆగి ఆలోచించనైనా అక్కర్లేదు.

నాకూ అలాగే అర్థమైంది. ఆ రోజు ఉదయమే, శవం ముందే, దొర అడగక ముందే.