చీము పట్టని పుండు

మా అక్క రేపల్లెలో టీచరు. తొంభైల మొదట్లో నేను తెనాలిలో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌గా చేసేదాన్ని. అమ్మ బాపట్లలో ఉండేది. అక్కకి థైరాయిడ్ ఎక్కువై గుండె దడ, చేతుల వణుకు మొదలైతే డాక్టరు మాత్రలు రాశారు. రెండు నెలలకే కుదుటపడింది. "బోర్డు మీద నా రాత మళ్లీ నాకే అర్థమవుతోందే," అని నవ్వింది.

ఒక శనివారం మధ్యాహ్నం రేపల్లె పాసింజరు దిగి నేరుగా ల్యాబుకొచ్చింది. వారం కింద మడమ పక్కన తుమ్మముల్లు గుచ్చుకుందట. అక్కడ చర్మం నల్లగా కమిలింది గానీ పుండు పొడిగానే ఉంది.

"చూడవే, ఇన్నాళ్లయినా చీము పట్టలేదు. మానుతున్నట్టేనా?"

"చీము లేకపోతే ఇంకేం, మంచిదే," అన్నాను.

గొంతు కూడా నొప్పిగా ఉందంది. "రోజంతా క్లాసులో అరుస్తావు, నొప్పి పుట్టదా?" అన్నాను. కట్టు కట్టి సాయంత్రం బండెక్కించాను.

మంగళవారం బావ ఆమెను కారులో పడుకోబెట్టి తీసుకొచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది. నోటినిండా పుళ్లు, మంచినీళ్లు కూడా మింగలేకపోతోంది. ల్యాబు పక్కనున్న ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు గారు రక్తం తీయించి నాకే పంపారు.

స్లైడుకి రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్ర కణాలు మామూలుగానే ఉన్నాయి. తెల్ల కణాల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికినవన్నీ చిన్నచిన్న లింఫోసైట్లు. పెద్దవాళ్ల తెల్ల కణాల్లో మామూలుగా సగానికి పైగా ఉండే న్యూట్రోఫిల్స్ ఒక్కటీ లేదు. రంగు పాడైందేమోనని నా వేలు పొడుచుకుని ఇంకో స్లైడు చేశాను. నా రక్తంలో ఎక్కడ చూసినా అవే.

డాక్టరు గారు రిపోర్టు చూసి, "ఏం మందులు వాడుతోందమ్మా?" అన్నారు. థైరాయిడ్ మాత్రల పేరు చెప్పాను. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎక్కడో ఒకరికి ఈ మందు ఎముక మూలుగలో ఆ కణాలు పుట్టకుండా చేస్తుంది. ఒంట్లోకి ఏ క్రిమి దూరినా మొదట పరిగెత్తుకొచ్చేవి అవేనమ్మా. అది ఎలాంటిదని చూడవు, మింగేస్తాయి, అక్కడే చస్తాయి. ఆ క్రిమికి సరిపడే రక్షణ తయారు కావడానికి రోజులు పడుతుంది. అప్పటిదాకా కాచేవి ఇవే."

"కానీ పుండుకి చీము పట్టలేదు సార్."

"చీమంటే చాలావరకు చచ్చిన ఆ కణాలే గదమ్మా. లేనివి ఎక్కణ్ణుంచి వస్తాయి?"

మాత్రలు ఆపేశారు. పెద్ద యాంటీబయాటిక్స్ ఎక్కించారు. మమ్మల్ని గదిలోకి ఎక్కువసార్లు రానివ్వలేదు. అమ్మ బాపట్ల నుంచి వచ్చి తలుపు బయట నేలమీద కూర్చుని ప్రార్థన చేసుకునేది. నేను రోజూ ఉదయం అక్క రక్తం తెచ్చుకుని లెక్కబెట్టేదాన్ని. శనివారం స్లైడులో రెండు మోనోసైట్లు కనిపించాయి. మూలుగ మేలుకునేటప్పుడు ముందుగా వచ్చే తెల్ల కణాలు అవి. చెప్పులు వేసుకోవడం మర్చిపోయి ఆసుపత్రికి పరిగెత్తాను.

డాక్టరు గారు తలూపారు గానీ ముఖం విప్పారలేదు. "బీపీ నిలబడటం లేదమ్మా," అన్నారు. క్రిములు అప్పటికే రక్తమంతా పాకిపోయాయి. ఆదివారం పదకొండింటికి, అమ్మ చెయ్యి పట్టుకుని ఉండగానే అక్క పోయింది. రేపల్లెలో సమాధి చేశాం.

నెల తర్వాత బావని చూడటానికి వెళ్లాను. అక్క పుస్తకాల మధ్య దొరికిన పాత మందుల చీటీ చూపించాడు. జ్వరంగానీ గొంతునొప్పిగానీ వస్తే మాత్రలు ఆపి వెంటనే రమ్మని అడుగున గొలుసురాతలో ఉంది. అప్పుడిక ఆపుకోలేక, ఆ శనివారం నేనన్న మాట చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

చీటీ మడిచి మళ్లీ పుస్తకంలో పెట్టాడు. "ఆ పుండు నాకూ చూపించింది," అన్నాడు. "మానిపోతోందిలే అని నేనూ అన్నాను."

అంతలో వాళ్ల ఆరేళ్ల పాప దువ్వెన పట్టుకుని వచ్చింది, బడికి టైమవుతోందని. బావ జుట్టు మూడు పాయలు తీశాడు గానీ అల్లడం చేతకాలేదు. లేచి పక్కకు జరిగాడు. నేను కూర్చుని జడ వేశాను.