నేనే నింపిన పద్దెనిమిది ఫారాలు

ఆ శనివారం నాటికి పరిశోధన కమిటీ సమావేశానికి ఇంకా పదకొండు రోజులుంది. అప్పటికే రెండుసార్లు గడువు పెంచుకున్నాను. ఈసారి ప్రతిపాదన ఆమోదం కాకపోతే నా పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దవుతుందని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. పీహెచ్‌డీ లేనివాళ్లను వచ్చే ఏడాది ఉంచుకుంటారో లేదో ప్రిన్సిపాల్ కూడా చెప్పలేకపోయారు.

నేను ఎంచుకున్న అంశం వేరుశెనగ కాయలు ఒలిచే మిల్లులు. వానలు సరిగా పడని మా ప్రాంతంలో కొన్ని మిల్లులు ఇంకా ఎలా నడుస్తున్నాయి, వాటి యజమానులు ఎలాంటి నిర్ణయాలు తీసుకుంటున్నారు అన్నది నా ప్రశ్న. ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా అమ్మ ఇరవై ఏళ్లకు పైగా ఆ మిల్లుల్లో పుచ్చు గింజలు ఏరింది. బడి వదిలాక నేను ఆమె పక్కన గోనెసంచి మీద కూర్చుని ఎక్కాలు రాసుకునేదాన్ని.

మా గైడుకు ఈ అంశం మొదటినుంచీ నచ్చలేదు. "బ్యాంకు ఉద్యోగుల మీద చేసుకోమ్మా, నూరు ఫారాలు రెండు రోజుల్లో నిండుతాయి" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఏడాదిలో రిటైరవుతారు. ఆలోగా నా పని ఒక దారిన పడాలని ఆయన ఆత్రం. నేను పట్టు వదలకపోయేసరికి ఒప్పుకుని, పైలట్ స్టడీ తప్పనిసరి అన్నారు. అంటే అసలు సర్వేకు ముందు కొద్దిమందిని అడిగి, మన ప్రశ్నావళి పనికొస్తుందో లేదో చూసుకోవడం. కనీసం ముప్పైమంది ఉండాలి.

ఎండాకాలం సెలవులన్నీ తిరిగితే నేను కలవగలిగింది పన్నెండుమందిని. "ఏమ్మా, నిన్ను ఇన్‌కం ట్యాక్సోళ్లు పంపించినారా?" అని ఒకాయన గేటు దగ్గరే ఆపేశాడు. ఇంకొకాయన గంటసేపు నిలబెట్టి, మాది ఏ ఊరో, మా అమ్మ ఎవరో అడిగాడు. చెప్పగానే "ఓ, ఆయమ్మ కూతురివా నువ్వు" అన్నాడు. అప్పటిదాకా ఉన్న "మీరు" అక్కడితో పోయింది. ఫారం మాత్రం నింపాడు, అన్ని ప్రశ్నలకూ ఒకే గడిలో టిక్కు పెట్టి.

ఆ పన్నెండు ఫారాలనూ కంప్యూటర్లో ఎక్కించాను. ప్రశ్నావళి నమ్మదగినదా కాదా అని తేల్చే అంకె ఒకటి వస్తుంది. అది ఘోరంగా వచ్చింది. ఆ శనివారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎవరూ లేరు. మిల్లుల సంఘం అచ్చేసిన జాబితా తీసి, అందులోంచి పద్దెనిమిది మిల్లులు ఎంచి, పేర్ల పక్కన టిక్కు పెట్టుకుని, ఖాళీ ఫారాలు నేనే నింపడం మొదలుపెట్టాను. నాలుగోదానికి వచ్చేసరికి, ఒకేలా కనబడకూడదని పెన్నులు మారుస్తున్నాను. "రాబోయే ఐదేళ్లలో మిల్లును విస్తరించే ఉద్దేశం ఉంది" అన్న వాక్యం పక్కన చాలామంది తరఫున "అంగీకరిస్తాను" అని టిక్కు పెట్టాను. ముప్పై ఫారాలతో మళ్లీ లెక్క కట్టించినప్పుడు ఆ అంకె ఎంతో బాగా వచ్చింది. బుధవారం ఏడు కాపీలు స్పైరల్ బైండింగ్ చేయించి ఆఫీసులో ఇచ్చేశాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేను కమిటీకి చూపించాల్సిన స్లైడ్లు తయారుచేసుకుంటున్నాను. అమ్మ మంచం మీద కూర్చుని, ఫారాల కట్ట మీదున్న జాబితా అందుకుంది. అది తెలుగులో ఉంది. అమ్మ బైబిల్ చదివినట్టే వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదువుతుంది. నేను పట్టించుకోలేదు.

"పాపా, ఈ బత్తలపల్లె మిల్లు పక్కన టిక్కు పెట్టినావే, ఏంటికి?"

"వాళ్ల దగ్గర వివరాలు తీసుకున్నానమ్మా."

"నువ్వు పోయినావా ఆడికి?"

"ఫోన్లో అడిగినా."

అమ్మ కళ్లద్దాలు తీసి నా వైపు చూసింది. "ఆ మిల్లు నడిపే ఆయప్ప చచ్చిపోయి రెండేండ్లాయ. మిల్లు పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టినారు. చచ్చిపోయినోడు ఫోన్లో ఏం చెప్పినాడు నీకు?"

అమ్మ జాబితా ఉన్నచోటే పెట్టి వంటింట్లోకి వెళ్లింది. ఆ చనిపోయిన మనిషి తరఫున నేను ఐదేళ్ల విస్తరణకు ఒప్పుకున్నాను.

సోమవారం పొద్దున్నే గైడు దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నారు. "ఎవరికన్నా చెప్పినావా?"

"లేదు సార్. ఆ పైలట్ పట్టిక తీసేసి, మార్చిన కాపీలు ఇస్తాను."

"కాపీలు కమిటీ చేతిలో ఉండాయి. ఇప్పుడు మారిస్తే ఎందుకని అడగరా? నువ్వు ఒక్కదానివే కాదు పోయేది. ఆ పేజీ కింద నా సంతకం ఉండాది." గొంతు తగ్గించారు. "ఎవరూ అడగరమ్మా. స్లైడు గబగబా దాటేయ్."

మంగళవారం కాలేజీకి సెలవు పెట్టాను. బత్తలపల్లెకు పోయి చూసి రావాలనిపించింది, ఎందుకో చెప్పలేను. చెప్పులేసుకుంటుంటే అమ్మ కూడా కొంగు సర్దుకుంది. "ఆయప్ప కొడుకు నాకు తెలుసు. నేనూ వస్తా."

బస్సు దిగి నడిచాం. మిల్లు గేటు అదే, లోపల మాత్రం పెళ్లి పందిరికి రంగు బట్టలు కడుతున్నారు. చనిపోయిన యజమాని కొడుకుకు నలభై ఏళ్లుంటాయి. అమ్మను చూసి కుర్చీ లాగాడు. "ఏమ్మా, ఇంకా గింజలేరేదానికి పోతాండావా?"

"యాడుండాయి మిల్లులు పోయేదానికి?" అంది అమ్మ. "మా పాపకు నీతో పనుండాది."

నేను ఫారం బయటికి తీయలేదు. మిల్లు ఎందుకు ఆపేశారని మాత్రం అడిగాను. ఆయన గంటకు పైగా చెప్పాడు. తండ్రి పోయాక మిల్లు నడిపిన ఆరు నెలలు, కాయలు రాక మిషన్లు వారాల తరబడి ఊరికే ఉండటం, పనివాళ్లను వద్దని చెప్పడానికి ధైర్యం చాలక తాను మూడు రోజులు ఇంట్లోంచి బయటికి రాకపోవడం. చివర్లో నన్నే ఒక ప్రశ్న అడిగాడు.

"నడిపేటోళ్లనే అడుగుతాండావు గదా. నిలిపేసినోళ్లను ఒక్కర్నన్నా అడిగినావా?"

లేదన్నాను. నా నలభై పేజీల ప్రతిపాదనలో మూతపడిన మిల్లు అన్నదే లేదు.

బుధవారం కమిటీలో ఐదుగురు కూర్చున్నారు. గైడు కిటికీ పక్కన ఉన్నారు. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన మేడమ్ నా కాపీ తిరగేస్తూ పైలట్ స్టడీ పేజీ దగ్గర ఆగారు.

"ఇంత చిన్న సర్వేలో ఫలితం చాలా బాగా వచ్చిందే. వీళ్లందరినీ మీరే స్వయంగా కలిశారా?"

స్లైడు దాటేసే బటన్ మీదే ఉంది నా వేలు.

"లేదు మేడమ్. పన్నెండుమందినే కలిశాను. మిగతా పద్దెనిమిది నేనే నింపాను."

ఛైర్మన్ కళ్లజోడు సర్దుకుని, "మీరేం చెబుతున్నారో మీకు తెలుస్తోందా?" అన్నారు.

"తెలుస్తోంది సార్."

నన్ను బయట కూర్చోమన్నారు. వరండా బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. లోపలి మాటలు వినిపిస్తున్నాయి కానీ అర్థం కావడం లేదు. రిజిస్ట్రేషన్ పోయిందనే అనుకున్నాను. అమ్మకు ఫోన్లో చెప్పాలా, ఇంటికెళ్లి చెప్పాలా అని ఆలోచిస్తుంటే పిలిచారు.

ప్రతిపాదన తిరస్కరించారు. రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. కొత్త ప్రతిపాదనకు ఆరు నెలలు, అదే ఆఖరు. "నిజం చెప్పారని మెచ్చుకుంటున్నామనుకోకండి" అన్నారు ఆ మేడమ్. "చెప్పారు కాబట్టి రద్దు చేయడం లేదు, అంతే." నా గైడుగా ఇక ఉండనని సారు అక్కడే రాసిచ్చారు. బయటికి వచ్చాక నమస్కారం పెట్టాను. ఆయన చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆ ఆరు నెలలు ఆదివారాలు కూడా లేకుండా తిరిగాను. తిరిగిన మిల్లుల్లో సగం మూసేసినవి, సగం నడుస్తున్నవి. గడుల ఫారమూ, ముప్పైమంది లెక్కా పక్కన పెట్టి, వాళ్లు చెప్పింది రికార్డు చేసి, చెప్పినట్టు రాసుకున్నాను. మిల్లును ఎలా నడుపుతారు అన్న ప్రశ్న పోయి, ఎప్పుడు ఆపాలో ఎలా తెలుసుకుంటారు అన్నది వచ్చింది. కొత్త గైడు వయసులో నాకన్నా చిన్న అమ్మాయి. ప్రతి సంభాషణ రికార్డూ తానే విన్నాకే సంతకం పెట్టేది. నాకు చిన్నతనంగా ఉండేది, కానీ కాదనలేదు. రెండో ప్రతిపాదనను కమిటీ పావుగంటలో ఆమోదించింది.

కొన్నాళ్లకు పాత గైడు పదవీ విరమణ సభకు వెళ్లాను. వరుసలో నిలబడి శాలువా కప్పాను. నన్ను గుర్తుపట్టి, చేతులు వదలకుండానే అడిగారు.

"ఈసారి ఎంతమందిని కలిసినావు?"

"పైలట్‌కు పందొమ్మిదిమంది, సార్."

"నిజంగానా?"

ఆయన ముఖంలో ఎగతాళి లేదు. తెలుసుకోవాలనే అడిగారు. నా వెనక వరుసలో జనం ఆగి ఉన్నారు. నిజమే సార్ అన్నాను. కావాలంటే వాళ్ల ఫోన్ నంబర్లు ఇస్తానని అనబోయి, ఆగి పక్కకు తప్పుకున్నాను.