చొక్కా మీద రవ్వలు

ఫౌండ్రీలో ఊడ్చే ఆవిడ చీర మీద భర్త చొక్కా తొడుక్కునేది. అతను బతికున్నన్నాళ్లూ అక్కడే గ్రైండింగ్ చక్రం దగ్గర పనిచేశాడు. నిప్పురవ్వలు పడి చొక్కా చేతులు జల్లెడవుతుంటే ప్రతి చిల్లూ ఆవిడే కుట్టింది. ఇప్పుడు ఉక్కును పరీక్షించే బల్ల దగ్గర ఒక ఖాళీ వచ్చింది. కాస్త కెమిస్ట్రీ వస్తేనే ఆ పని, లేకపోతే మళ్లీ చీపురే. సాయంత్రాలు మరిది పాఠం చెప్పేవాడు. "కార్బనంటే మన బొగ్గే వదినా, భయమెందుకు?" "బొగ్గంటే భయం లేదయ్యా, దాని ఇంగ్లీషు పేరంటేనే."

పరీక్షనాడు మేస్త్రీ ఉక్కుముక్కను చక్రానికి ఆనించాడు. రవ్వలు బారుగా లేచి, చివర పువ్వుల్లా విచ్చుకున్నాయి. ఆవిడ కలలో ఉన్నట్టు చూస్తూ నిలబడిపోయింది. "నిద్రపోయావా ఏంటమ్మా? అవెందుకలా విచ్చుకుంటాయో చెప్పు," అన్నాడు మేస్త్రీ. "ఉక్కులో ఉన్న కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి రవ్వ లోపలే వాయువవుతుంది సార్. దారి లేక రవ్వను పగలగొట్టుకుని వస్తుంది. పువ్వులెక్కువుంటే కార్బన్ ఎక్కువ." "సరే, రేపట్నుంచి బల్ల దగ్గరికి రా." "ఇంకొక్కసారి పట్టండి సార్." "పాసయ్యావు కదమ్మా!" "ఊరికే, చూద్దామని." మళ్లీ లేచిన రవ్వల్లో ఒకటి వచ్చి ఆవిడ మోచేతి దగ్గర చొక్కా మీద వాలింది. ఇంటికెళ్లి చొక్కా విప్పి, ఆ కొత్త చిల్లులోంచి కిటికీ వెలుగును చాలాసేపు చూసింది. దాన్ని మాత్రం కుట్టలేదు.